ఇనుప షెడ్డు, జెట్టీ దూలం

మా చెల్లెలి మొగుడు క్లెమ్ హాకడేకి అభిప్రాయాలకేం కొదవలేదు. దేవుడిమీద, ప్రభుత్వంమీద, ఫుట్‌బాల్ అంపైర్లమీద అతను చెప్పే మాటలు గాలివాటాన్నిబట్టి మారుతుండేవి. మారనిది ఒక్కటే. ఇనుము ఎత్తనివాడికి కండ రాదు. అడిలైడ్‌కి అవతల సముద్రం ఒడ్డునున్న మా ఊరు వాలరూలో చాలామంది అతన్ని భోజనానికి పిలవడం మానేసింది ఇందుకే. మాంసం కూరిన పేస్టీ మొదటి ముక్క నోట్లో ఉండగానే ఆ ఇంటాయన జబ్బ పట్టుకుని, "ఏంటోయ్, ఇది చెయ్యా చీపురుపుల్లా?" అని మొదలుపెట్టేవాడు.

ఊళ్లో బట్టలు సరిచేసే కొట్టు నాది. నాకు ముందు మా అమ్మది. ఈనిడ్ ట్రెజీస్ అంటే ఎవరైనా చూపిస్తారు. సగం ఊరి నడుము కొలతలు నాకు తెలుసు. అవి బయటికి చెప్పను కాబట్టే కొట్టు నడుస్తోంది. క్లెమ్ కొలతలు మాత్రం చెప్తాను. అవి అతనే పిలిచి మరీ అందరికీ చెప్పుకుంటాడు కనక పాపం లేదు.

అతని పిచ్చికి ఒక మూలం ఉంది. అది నవ్వే విషయం కాదు కాబట్టి దాన్ని ముందే చెప్పేస్తాను. వాళ్ల నాన్న పెర్సీ హాకడే జెట్టీమీద గోధుమ బస్తాలు మోసిన మనిషి. ఎనభై కిలోల బస్తా వీపుమీద వేసుకుని, ఊగే పలకమీదుగా ఓడలోకి రోజుకి వందసార్లు నడిచేవాడట. క్లెమ్ పుట్టేనాటికి గోధుమలు నిలవచేసే బురుజుల్లాంటి సైలోలు వచ్చేశాయి. గోధుమలు గొట్టాల్లోంచి నేరుగా ఓడలోకి జారిపోవడం మొదలైంది. పెర్సీకి గేటు దగ్గర కూర్చుని లారీ నంబర్లు రాసే పని ఇచ్చారు. కొన్నేళ్లలోనే ఆ మనిషి భుజాలు కోటు తగిలించే కొక్కెంలా మిగిలాయి. ఆ ఒక్క కోటునే మా అమ్మ మూడుసార్లు లోపలికి కుట్టింది. క్లెమ్‌కి నాన్న కండలు ఫొటోలో తప్ప తెలియవు. ఆ ఫొటో చూసి చూసి అతని బుర్రలో ఒక లెక్క స్థిరపడింది. బరువు ఉన్నంతకాలం మనిషి ఉన్నాడు, బరువు పోయింది, మనిషీ పోయాడు.

అంతవరకు నాకూ జాలే. ఆ తర్వాతదే భరించలేం.

ఇరవై ఐదో ఏట రెండు పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో నీళ్లపైపు గుచ్చి ఎత్తడం మొదలుపెట్టాడు. తర్వాత అడిలైడ్‌లో మూతపడిన ఒక జిమ్ నుంచి నిజం ఇనుప బిళ్లలు తెచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో బల్ల, కమ్మీ, బిళ్లలు, ఒక పగిలిన అద్దం. సైలోలో బటన్లు నొక్కే ఉద్యోగం చేసి వచ్చి రోజూ రెండు గంటలు అందులో మూలిగేవాడు. ఊళ్లోవాళ్లు ఎవరైనా వచ్చి ఎత్తుకోవచ్చు, ఏమీ ఇవ్వక్కర్లేదు. ఒక్కటే షరతు, అతని ఉపన్యాసం వినాలి. చాలామంది ఒక్కసారి వచ్చి, మళ్లీ రాలేదు.

యాభై ఏడేళ్లు వచ్చేసరికి క్లెమ్ వెల్లకిలా పడుకుని నూటముప్పై కిలోలు గుండెమీంచి పైకి నెట్టగలిగేవాడు. ఊళ్లో ఇంకెవరూ నెట్టలేరు, నిజమే. ఇంకెవరికీ నెట్టాల్సిన అవసరమూ రాలేదు. నూటపదహారు కిలోల శరీరం, దాని ముందు పీపాలాంటి పొట్ట. బూటు లేసు కట్టుకోవాలంటే కూర్చోవాలి, కూర్చున్నాక కాసేపు ఆయాసపడాలి. చేపలు పట్టడానికి జెట్టీ చివరిదాకా నడిచి, దారిలో రెండుచోట్ల ఆగి సముద్రాన్ని మెచ్చుకునేవాడు. సముద్రంమీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో అని మా చెల్లెలు ఆర్లీన్ నవ్వేది.

దండీలు, బస్కీలు, కమ్మీకి వేలాడి గడ్డం పైకెత్తే పుల్-అప్‌లు, ఇవన్నీ అతని దృష్టిలో బడిపిల్లల శిక్షలు. "నేలమీద బోర్లాపడి లేస్తే కండలొస్తాయా? వస్తే మన రోడ్లమీద పాకే స్టంపీ బల్లులన్నీ పహిల్వాన్లయ్యేవి!" అనేవాడు. ఈ జోకు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అతను మాత్రం కొత్తగా విన్నవాడిలా నవ్వేవాడు.

ఇలాంటివాడికి సరిజోడు ఎక్కడో ఒకచోట ఉంటాడు. మా ఊరికి క్యారవాన్ తోలుకుని మరీ వచ్చాడు.

అతని పేరు లాక్లన్ వీచ్. అడిలైడ్‌లో ముప్పై ఏళ్లు వ్యాయామం మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. అరవై ఒకటేళ్లు. సన్నగా, నరాలన్నీ పైకి కనిపిస్తూ, ఎండలో ఆరేసిన తాడులా ఉండేవాడు. చలికాలంలో కూడా పొట్టి నిక్కరే. ఆ నిక్కరు కింద కొంగకాళ్లు. ఆ కాళ్లు ఎవరికీ కనపడనట్టు, కేవలం భుజాలే కనపడుతున్నట్టు నడిచేవాడు. రోజూ పొద్దున్నే పాత జెట్టీ కింద అడ్డదూలానికి వేలాడి, వరసగా ఇరవై పుల్-అప్‌లు తీసేవాడు. తీసి, ఎవరూ అడక్కుండానే, "నా జిమ్ నా తోలు లోపలే ఉందమ్మా. తాళం వెయ్యక్కర్లేదు" అనేవాడు. రోజుకి నాలుగుసార్లు అనేవాడు. ఈ మనిషి కూడా నాకు నచ్చలేదని మీకీపాటికి అర్థమై ఉండాలి.

కానీ ఆడవాళ్లకి నచ్చాడు. ఇసుకలో ఉచితంగా క్లాసు పెడితే పదిమంది చేరారు. అందులో మా ఆర్లీన్ ఒకతి.

అసలు గొడవ అక్కడ మొదలైంది. పెళ్లయి ముప్పై ఏళ్లయినా క్లెమ్ తన షెడ్డులోకి ఆర్లీన్‌ని ఒక్కసారి పిలవలేదు. ఆమె మోకాళ్లు నొప్పులని మూలుగుతుంటే, "వయసు" అని ఒక్కమాటతో సరిపెట్టేవాడు. వీచ్ ఆమెని కుర్చీమీంచి చేతులు ఊతం లేకుండా లేవమన్నాడు, కూర్చోమన్నాడు, మళ్లీ లేవమన్నాడు. రెండు నెలల్లో ఆమె చర్చి మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కింది. ఆ సంగతి ఆమె భోజనం దగ్గర సంబరంగా చెప్తే క్లెమ్ మొహం గంటుపెట్టుకున్నాడు.

"కూర్చోడం, లేవడం! దానికో మేష్టారు! నువ్వు రోజూ టీవీ ముందు చేసేది అదేగా?"

"నువ్వు చేసేది కూడా అదే. కాకపోతే నువ్వు కూర్చుంటావు, లేవవు," అంది ఆర్లీన్.

మాకు నడివేసవి అయిన జనవరిలో, ఆఖరి శనివారం సాయంత్రం ఫుట్‌బాల్ క్లబ్బు కౌంటరు దగ్గర ఇద్దరు మగాళ్లూ ఎదురుపడ్డారు. ఎండ నలభై రెండు డిగ్రీలు. బుద్ధి ఉన్నవాళ్లెవరూ వాదించే రోజు కాదు. నేను మూలబల్ల దగ్గర ఆర్లీన్‌తో కూర్చుని ఉన్నాను. క్లెమ్ గ్లాసు టక్కున పెట్టాడు.

"ఏమయ్యా మేష్టారూ, ఒక్కటి అడుగుతా చెప్పు. నా కమ్మీకి నేను వారానికి రెండున్నర కిలోలు కలుపుకుంటా. కండకి పని పెరిగితే కండ పెరుగుద్ది. నీ ఒళ్లు నిన్న ఎంతో ఇవాళా అంతే. నువ్వేం కలుపుతావు? అదనంగా రెండు సాసేజీలు తిని వేలాడతావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వీచ్ తొణకలేదు.

"రెండు చేతుల్తో తేలికైతే ఒక చేత్తో చేస్తా, బస్కీలైతే ఒంటికాలిమీద తీస్తా. వేగం తగ్గిస్తా. కాళ్లు ఎత్తులో పెడతా. బరువు మార్చక్కర్లేదు స్వామీ, భంగిమ మారిస్తే చాలు. కండకి కావలసింది కష్టం. ఆ కష్టం ఇనుమునుంచి వచ్చిందా, ఇసుకలోంచి వచ్చిందా అని అది అడగదు."

"అందుకేనా నీ కాళ్లు అట్టా ఉన్నాయి? అడగడం మర్చిపోయినయ్యా?"

"నా కాళ్ల సంగతి సరే. నిన్ను నువ్వు ఒక్కసారి పైకెత్తుకోగలవా? ఒక్కసారి. ఊరందరి బరువూ ఎత్తుతావుగా, నీది ఎత్తు చూద్దాం."

క్లెమ్ చెవులు ఎర్రబడ్డాయి. "ఎత్తలేకా! ఇష్టం లేక!"

పన్నెండు వారాల పందెం వేసుకున్నారు. ఎవరి పద్ధతిలో వాళ్లు చెయ్యాలి, ఎవరి కండ ఎక్కువ పెరిగితే వాళ్లది గెలుపు. ఓడినవాడు సొంతూళ్లో జరిగే మొదటి మ్యాచి విరామంలో మైకు పట్టుకుని "నేను చెప్పింది తప్పు" అనాలి. జబ్బ, ఛాతీ, తొడ కొలవాలి. ఒకరి టేపుని ఒకరు నమ్మరు కాబట్టి ఇద్దరూ నావైపు తిరిగారు.

"వదినా, నువ్వే కొలవాలి," అన్నాడు క్లెమ్.

నాకు ఒళ్లు మండింది. "ముప్పై ఏళ్లనుంచి చేస్తున్నదే ఇంకో పన్నెండు వారాలు చేస్తే మీకు పెరిగేదేముంది? ఇద్దరికీ అహం ఒక్కటే పెరుగుతుంది. దానికి నా దగ్గర టేపు లేదు. దమ్ముంటే మార్చుకోండి. మరిదీ, నువ్వు పన్నెండు వారాలు ఇనుము ముట్టకు. మేష్టారూ, మీరు క్లెమ్ షెడ్డుకెళ్లి బరువులే ఎత్తండి. అప్పుడు కొలుస్తాను."

నోరు మూయించడానికి అన్న మాట అది. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఇంతమంది ఎదుట ముందుగా వెనక్కి తగ్గేది ఎవరు? ఇద్దరూ "సరే" అన్నారు. మగాళ్ల తెలివి అలాంటిది.

మర్నాడు ఉదయం, ఏమీ తినకముందే, నా కొట్లో కొలిచాను. క్లెమ్ జబ్బ నలభై మూడు సెంటీమీటర్లు, ఛాతీ నూట ఇరవై నాలుగు, తొడ అరవై ఎనిమిది. వీచ్ జబ్బ ముప్పై ఒకటి, ఛాతీ తొంభై నాలుగు, తొడ నలభై ఏడు. ఆ నలభై ఏడు చదివినప్పుడు క్లెమ్ ఈల వేశాడు.

మూడు వారాలు క్లెమ్ ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. "ఎలా సాగుతోంది?" అని అడిగితే, "తేలిగ్గా, నిద్రలో చేసినట్టు," అనేవాడు. ఆర్లీన్ చెప్పిందేమంటే, అతను సాయంత్రాలు షెడ్డులోకి వెళ్లి, కుర్చీ వేసుకుని, కమ్మీమీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంటున్నాడట. కుక్కపిల్లని నిమిరినట్టు నిమిరి, తలుపు వేసి వచ్చేస్తున్నాడట. ఎత్తడం మాత్రం లేదు. మాటమీద నిలబడే మనిషే, ఆ మాట మనం ఒప్పుకోవాలి.

ఫిబ్రవరిలో ఒక ఉదయం నేను ఊరికి కాస్త దూరంగా ఉన్న టికెరా తీరానికి పీతలు పట్టడానికి వెళ్లాను. నీళ్లు బాగా వెనక్కి పోయాయి. మోకాలిలోతు నీళ్లలో దంతెతో నీలంపీతల్ని వెతుకుతూ తలెత్తి చూస్తే, ఒడ్డున పిల్లల ఆటస్థలంలో కమ్మీకి ఏదో వేలాడుతోంది. ఎవరో తడి ఓవరాల్ ఆరేశారనుకున్నాను. దగ్గరికి వెళ్తే అది మా మరిది.

రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం బీట్‌రూట్ ముక్కలా ఉంది. మోచేతులు కాస్త వంగాయి, వణికాయి, మళ్లీ తిన్నగా అయిపోయాయి. శరీరం ఒక్క అంగుళం కదల్లేదు. దబ్బున ఇసుకలో పడ్డాడు. పడినవాడు లేవలేదు, మొహం చేతుల్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఇష్టం లేకనా?" అన్నాను.

తల తిప్పి నన్ను చూసి బిత్తరపోయాడు. "వదినా... నువ్వెక్కడినుంచి?"

"పీతలకోసం వచ్చా. తిమింగలం కనపడింది."

ఇంకోరోజైతే ఎదురు తిట్టేవాడే. ఆ రోజు తిట్టలేదు. "ఒక్కటి కూడా రావట్లేదు వదినా. మూణ్ణెల్లు కాదు, మూడేళ్లయినా రాదు. దండీలు పదిహేను తీసేసరికి నడుం జారిపోతోంది. వాలరూలో నాకన్నా బలమైనవాడు లేడని ముప్పై ఏళ్లనుంచి చెప్పుకుంటున్నా. నా ఒంటిని నేనే మొయ్యలేనంటే... మా నాన్న బస్తాతో పాటు తన్ను తాను కూడా మోసుకుంటూ ఆ పలక ఎక్కేవాడుగా. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు." ఇసుక దులుపుకుంటూ, "ఎవరికీ చెప్పకు," అన్నాడు.

ఎవరికీ చెప్పనన్నాను. ఆర్లీన్‌కి మాత్రమే చెప్పాను. ఆర్లీన్ వీచ్‌కి చెప్పింది. ఆమె చెప్తుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను, అందుకు నాకేం సిగ్గులేదు.

అదే వారం షెడ్డులో వీచ్ పరువు కూడా పోయింది. వారానికి మూడుసార్లు వచ్చి, క్లెమ్ చూస్తుండగా బరువులెత్తడం ఒప్పందం. చూడ్డానికి మనిషి లేకుండా కొత్తవాడు కమ్మీ కింద దూరితే ప్రాణాలకే ముప్పని క్లెమ్ ముందే పట్టుబట్టాడు. రెండు వారాలు వీచ్ తేలిక బరువులతో కాలక్షేపం చేశాడు. "ఇంతేనా?" అంటూ ఆ రోజు కమ్మీకి తనే బిళ్లలు ఎక్కించి, అరవై కిలోలు మెడవెనక వేసుకుని బస్కీకి దిగాడు. దిగాడు గానీ లేవలేదు. బాత్రూములో ఇరుక్కున్నవాడిలా గొంతుకూర్చుని, కళ్లు తేలేసి, "క్లెమ్... క్లెమ్..." అన్నాడు.

క్లెమ్ వెంటనే పట్టుకోలేదట. ముందు తనివితీరా నవ్వాడట. ఆర్లీన్ నిమ్మకాయ నీళ్లు తీసుకుని వెళ్లేసరికి కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె కసిరితే అప్పుడు వెనకనుంచి ఎత్తి కమ్మీని కొక్కేలమీద పెట్టాడు.

"ఒంటికాలిమీద బస్కీలు తీస్తానన్నావే! ఏవయ్యా ఆ కాళ్లు?"

వీచ్ నేలమీద కూర్చుని ఆయాసపడుతూ అన్నాడు, "టికెరా కమ్మీ ఎలా ఉంది? బాగా కదుల్తోందా?"

క్లెమ్ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆర్లీన్‌వైపు చూశాడు. ఆర్లీన్ గ్లాసులవైపు చూసింది. బయట రేకులు ఎండకి టప్‌టప్‌మని చప్పుడు చేస్తున్నాయి. వీచ్ మోకాళ్లు రుద్దుకుంటూ చెప్పాడు.

"గడ్డం పైకి రావాలని చూడకు. స్టూలు వేసుకుని పైకెక్కు, గడ్డం కమ్మీమీద పెట్టు, అక్కణ్ణించి మెల్లగా దిగు. ఐదు లెక్కపెట్టుకుంటూ దిగు. దిగడం వస్తే ఎక్కడం వస్తుంది. పదిమందిలో ఎనిమిదిమంది పిల్లలకి ఇలాగే నేర్పాను."

"నేను నీ బళ్లో పిల్లాణ్ణి కాదు."

"పిల్లాడైతే ఇప్పటికి నేర్చుకునేవాడు."

క్లెమ్ పళ్లు నూరాడు. తర్వాత కమ్మీమీంచి బిళ్లలు ఒక్కొక్కటే తీసేసి, ఖాళీ కమ్మీ వీచ్ మెడవెనక పెట్టాడు. "మడమలు నేలమీద పెట్టు. మోకాళ్లు లోపలికి పోనీకు. గుండె నిండా ఊపిరి పట్టు. ఆ, ఇప్పుడు దిగు. ముసలమ్మలా వంగకయ్యా, వీపు! వీపు!"

ఆనాటినుంచి ఒకరి తప్పులు ఒకరు చూడలేక ఛస్తూ ఒకరికొకరు నేర్పుకోవడం మొదలుపెట్టారు. స్నేహం అనకండి. ఆ మాట వాళ్ల ముందు ఎవరైనా అంటే ఇద్దరూ కలిసి మీదపడేవాళ్లు. మంగళ, గురు, శనివారాలు షెడ్డులో క్లెమ్ తిట్లు. సోమ, బుధ, శుక్రవారాలు జెట్టీ కింద వీచ్ తిట్లు. అక్కడ నీళ్లలో వలలు కడుక్కునే చేపలవాళ్లు పనులాపి వినేవాళ్లు. ఆర్లీన్ క్లాసులో ఆడవాళ్లు పదిమందీ ఇసుకలో బోర్లా పడుకుని దండీలు తీస్తూ, దూలానికి వేలాడే క్లెమ్‌ని చూసి పగలబడి నవ్వేవాళ్లు. అతను ఒకసారి పట్టుజారి నీళ్లలో పడ్డాడు. ఆ వారం నా కొట్టుకి వచ్చినవాళ్లందరూ అదే చెప్పారు.

తొమ్మిదో వారంలో మొదటి పుల్-అప్ వచ్చింది. గడ్డం దూలం దాటిందా లేదా అన్నదానిమీద వీచ్ అరగంట వాదించాడు. పదో వారంలో గడ్డం నిస్సందేహంగా దాటింది. పన్నెండోవారానికి వరసగా మూడు తీశాడు. ఆ మూడింటి గురించి నాకు పదకొండుసార్లు చెప్పాడు. ఆ వయసులో, ఆ బరువుతో, మూడు తీయడం మాటలు కాదని వీచ్ కూడా ఒప్పుకున్నాడు. అతని ముందు కాదు, నా ముందు.

ఏప్రిల్‌లో ఆఖరి ఆదివారం ఉదయం మళ్లీ కొలిచాను. సగం ఊరు కొట్టు బయట నిలబడి ఉంది.

వీచ్ జబ్బ ముప్పై రెండున్నర. ఛాతీ తొంభై ఏడు. తొడ యాభై ఒకటి. నాలుగు సెంటీమీటర్లు! అరవై ఏళ్లుగా కొంగకాళ్లుగా ఉన్నవాటికి కండ పట్టింది. ఈ మనిషి నిక్కరు ఎత్తి కిటికీ అవతల నిలబడ్డవాళ్లందరికీ చూపించాడు. ఎవరూ అడగలేదు.

క్లెమ్ జబ్బ నలభై మూడు, ఒక గీత అటూ ఇటూ లేదు. ఛాతీ నూట ఇరవై ఐదు. తొడ అరవై ఆరు, అంటే రెండు తగ్గింది. నడుము ఒప్పందంలో లేకపోయినా నా అలవాటుకొద్దీ కొలిచాను. తొమ్మిది సెంటీమీటర్లు తగ్గింది. పాంట్లన్నీ లోపలికి కుట్టాలన్నమాట.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. ఎవరు గెలిచారు?

ఎక్కువ పెరిగింది వీచ్ కండ. కానీ అది పెరిగింది ఇనుముతో. అంటే క్లెమ్ ముప్పై ఏళ్లుగా చెప్పిందే నెగ్గింది. కానీ ఆ నెగ్గడం వీచ్ తొడమీద జరిగింది. క్లెమ్ తొడ తగ్గిపోయింది. క్లెమ్ సంతోషించాలో ఏడవాలో తెలియక నోరు తెరిచి నిలబడ్డాడు. వాదం గెలిచాడు, పందెం ఓడాడు. బయటివాళ్లు "క్లెమ్ ఓడిపోయాడోయ్!" అని అరుస్తున్నారు.

"చూశావా, బరువులదే గెలుపు," అన్నాడు నీరసంగా.

"కొత్తగా ఏం మొదలెట్టినా మొదట్లో గబగబా పెరుగుతుంది," అన్నాడు వీచ్. "నా కాళ్లకి బరువు కొత్త, కాళ్లకి ఒంటి బరువొక్కటే చాలదని ఒప్పుకుంటున్నా. నీ జబ్బలేమో ముప్పై ఏళ్లనుంచి పిండేసినవి, ఇంక పెరగడానికి ఏముంది? అయినా పన్నెండు వారాలు ఇనుము ముట్టకుండా ఒక్క గీత తగ్గలేదు. దండీలు, దూలమే కదా నిలబెట్టింది? మరి నేనెట్టా ఓడానట?"

"నీ కాళ్లకి ఒళ్లు చాలదంటే ఓడినట్టే."

"నీ చేతులకి నీ ఒళ్లు ఎక్కువైందంటే నువ్వు ఓడినట్టే."

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమయ్యారు. నా టేపు పాతదని, సాగిపోయి ఉంటుందని. నలభై ఏళ్లుగా పెళ్లిగౌన్లు కొలిచిన టేపు అది. ఇద్దర్నీ కొట్లోంచి వెళ్లగొట్టాను.

మ్యాచి రోజు విరామంలో మైకు దగ్గరికి ఎవరూ కదల్లేదు. క్లెమ్ స్కోరుబోర్డుని చదువుతున్నట్టు నటించాడు. వీచ్ బూటు లేసు విప్పి మళ్లీ కట్టాడు. జనం చప్పట్లు కొడుతూ, "మైకు! మైకు!" అని అరుస్తున్నారు. చివరికి ఆర్లీన్ లేచింది. రెయిలింగ్ పట్టుకోకుండా స్టాండు మెట్లు దిగి, మైదానం అంచున మైకు అందుకుంది.

"వీళ్లిద్దరి తరఫున నేను చెప్తున్నా. ఇద్దరూ తప్పే. మొదట్నుంచీ తప్పే. సాసేజీలు తయారైనాయి, చల్లారకముందు తినండి."

ఆ సీజన్లో ఆ మైదానంలో అంత పెద్ద చప్పట్లు మా జట్టు గోలు కొట్టినప్పుడు కూడా వినపడలేదు.

ఇక్కడితో బుద్ధి వచ్చి ఉండాల్సింది. మేలో క్లబ్బు ప్రెసిడెంటు రాయిస్ కిట్టో ఆటగాళ్లు నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోదానికే చతికిలబడుతున్నారని, ఎవరైనా వ్యాయామం చేయించేవాళ్లు కావాలని నోటీసు పెట్టాడు. ఇద్దరూ వెళ్లారు, ఒకే ట్రక్కులో. దారంతా ఏం చెప్పాలో కలిసి అనుకున్నారట. తీరా రాయిస్ ముందు కూర్చున్నాక, ముందు బరువుతో బస్కీలు చేయించాలా, ముందు పుల్-అప్‌లా అన్నదగ్గర బెడిసింది. వారానికి రెండున్నర కిలోలు కలపాలని క్లెమ్. ముందు తమ ఒళ్లు తాము మోసుకోవడం రావాలని వీచ్. మూడు పుల్-అప్‌లు తీసినవాడిగా తనకి రెండూ తెలుసని క్లెమ్. యాభై ఒక్క సెంటీమీటర్ల తొడ ఉన్నవాడిగా తనకే ఎక్కువ తెలుసని వీచ్. రాయిస్ నలభై నిమిషాలు విని, లేచి తలుపు తెరిచాడు.

"మావాళ్లు పరిగెత్తాలి, బంతి పట్టుకోవాలి. మీరు దయచేయండి."

అక్కణ్ణించి నేరుగా నా కొట్టుకి వచ్చారు. నేను ఎవరిదో స్కూలు యూనిఫాం అంచు విప్పుతున్నాను. క్లెమ్ కుర్చీ లాక్కున్నాడు. వీచ్ అడక్కుండా కెటిల్ ఆన్ చేశాడు.

"పరిగెత్తాలంట వదినా! పరిగెత్తితే కండలొస్తాయంట!"

"ఉన్న కండ కూడా పోతుందమ్మా," అన్నాడు వీచ్. "ఆ రాయిస్‌కి వ్యాయామం గురించి ఏమన్నా తెలుసా?"

"ఏం తెలుసు? వాడి జబ్బ చూశావా?"

"చూశాను. కాలు కూడా చూశాను."

"అదీ మాట!" అని క్లెమ్ బల్లమీద చరిచాడు. గుండుసూదుల డబ్బా బోర్లా పడింది. వీచ్ కిందికి వంగి, ఒక్క సూది కూడా వదలకుండా ఏరాడు. క్లెమ్ అతనికి టీ కప్పులో రెండు చెంచాల పంచదార వేసి ఇచ్చాడు. అతనికి పంచదార ఎంత కావాలో ఇన్నాళ్లలో తెలిసిపోయినట్టుంది. ఐదయ్యేదాకా ఇద్దరూ రాయిస్ కిట్టోని తిట్టారు. ఒకరు తిడితే ఇంకొకరు "నిజమే" అన్నారు. ఆ గోలకి తట్టుకోలేక నేనే కొట్టు త్వరగా మూసేసి ఇంటికి పోయాను.